కట్ల గది

రాజాం ఆసుపత్రి చీటీ మీద
పాత జిల్లా పేరు కొట్టేసి కొత్తది రాశారు.
నా గదికొచ్చే కాళ్ళు మాత్రం పాతవే.
ముఖాలు మరిచిపోతాను నేను.
బజార్లో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే
ముందు కిందికి చూసి
ఆ తర్వాత పేరు చెబుతాను.

గోగు ఊరేసిన గుంటలో
నడుంలోతు నీళ్ళలో పది రోజులు నిలబడి
నార తీసింది గున్నమ్మ.
వేళ్ళ సందులు నానిన అటుకుల్లా ఉబ్బి, చీలి,
గోగు కుళ్ళిన వాసనే వేస్తున్నాయి.
"కొబ్బరినూని రాసినానమ్మా, తగ్గనేదు."
సందుల్లో నూనె వద్దు, ఆరబెట్టు.
పసిబిడ్డ చెవి వెనక తుడిచినట్టు
ఒక్కో సందూ పొడిగుడ్డతో తుడుచుకో,
తర్వాతే మందు.
దురద పోయిందని మూడో రోజున మానేస్తావు, తెలుసు నాకు.
మానకు.

దాలినాయుడుది టీ కొట్టు.
తెల్లారి మంచం దిగి మొదటి అడుగేస్తే
మడమలో మేకు దిగుతుందట,
పది అడుగులకి ఆ మేకే మెత్తబడుతుందట.
ఎముక పెరిగిందని ఎవరో బెదరగొట్టారు.
అరికాలి కింది పట్టీ బిగిసింది బావూ,
పొద్దస్తమానం గచ్చు మీద నిలబడితే బిగవదూ?
దిగేముందు మంచం మీదే
వేళ్ళని నీవైపు లాక్కుని ముప్పై లెక్కపెట్టు,
అరిగిపోయిన ఆ చెప్పులు పారెయ్, మెత్తనివి కొనుక్కో.
అన్నీ విన్నాడు. చెప్పుల ధర అడిగాడు.
"ఈ నెలకి మేకే నయం" అన్నాడు.

చీరల షాపులో కూర్చోకూడదు, అది రూలు.
నీలవేణి చిటికెన వేలి మీద ఆనె,
దాని చుట్టూ బ్లేడు గాట్లు.
ఆనె అంటే చర్మం తనకు తాను వేసుకున్న అతుకు తల్లీ.
ఇరుకు బూటు అలాగే ఉంచి అతుకు ఊడదీస్తే
మళ్ళీ వేసుకుంటుంది, ఇంకా దళసరిగా.

వీళ్ళంతా అరుస్తారు.
స్పిరిటు తగిలితే నా తాతముత్తాతల్ని తలుచుకుంటారు.
అరిచే కాళ్ళంటే నాకు ధైర్యం.

లెంక తవుడు అరవలేదు.
నార మిల్లులో ముప్పయ్యేళ్ళు, సుగరు తొమ్మిదేళ్ళు.
చెప్పుకి తడి అంటుతోందని
ఇంటిది పోరితే వచ్చాడు.
చెప్పు తిప్పి చూశాను.
అడుగు నుంచి పైకి, మేకు. నిజం మేకు.
మూడు రోజులు దాని మీదే మిల్లుకెళ్ళి వచ్చాడు.
పట్టకారు లోపలికి పోతూనే ఉంది.
నేను ఊపిరి బిగబట్టాను,
ఫ్యాను ఎందుకు తిరగట్లేదని అతను అడిగాడు.

డాక్టరమ్మ సన్నటి నైలాను తీగతో
అరికాలంతా పొడిచి చూసింది.
"తగిలితే ఊఁ అనండి."
పది చోట్ల పొడిస్తే రెండు సార్లు అన్నాడు,
అందులో ఒకటి మర్యాదకి.

నొప్పి వాకిట్లో కుక్కలాంటిది.
వాళ్ళింట్లో అదెప్పుడు చచ్చిపోయిందో
ఎవరూ చూసుకోలేదు.

ఒక వేలు తీశారు, కాలు మిగిలింది.
రెండు నెలలు రోజు విడిచి రోజు కట్టు.
ఆఖరి కట్టు రోజున
చేతులు కడుక్కునే చోటి గోడ అద్దం తీసి
నేల మీద పెట్టాను. పైన కాలు పట్టమన్నాను.
వంగలేనివాడు, తన అరికాలు ఎప్పుడూ చూడలేదు.
చాలాసేపు చూశాడు.

"ఇది మా అయ్య కాలమ్మా" అన్నాడు.
"పాడి మీద కాలి బొటనవేళ్ళకి ముడేసింది నానే.
అప్పుడు సూసినాను.
అచ్చం ఈ పగులే, ఇక్కడే."

నేనేం మాట్లాడలేదు.
రాత్రి కూడు తిన్నాక రోజూ చూసుకో అన్నాను,
చెప్పులో చెయ్యిపెట్టి తడిమాకే కాలు పెట్టు,
వేడినీళ్ళలో ముంచకు, నీకు కాలినా తెలీదు.

అద్దం పట్టుకెళ్తానన్నాడు.
ఆసుపత్రి సామాను, ఇవ్వకూడదు.
పాత గాజుగుడ్డలో చుట్టి ఇచ్చాను.
రిజిస్టరులో
పగిలింది అని రాశాను.